తుప్పు కన్వర్టర్ డబ్బా కొనొచ్చా? విజయనగరంలో పాత పద్మిని కారు మీద వాడి చూశాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను. రస్ట్ కన్వర్టర్ అని డబ్బాల్లో అమ్మే, తుప్పుని వేరే పదార్థంగా మార్చే మందు పనిచేస్తుంది, డబ్బులు దండగ కావు, కాకపోతే కింద గట్టి రేకు మిగిలి ఉన్నచోట మాత్రమే. రేకే పోయినచోట లీటర్లకి లీటర్లు పోసినా ఏమీ రాదు. ఈ తేడా ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం వల్ల కొంతమంది "అదంతా మోసం, ఏడాదికే మళ్ళీ తుప్పొచ్చేసింది" అంటుంటారు, ఇంకొంతమంది కారు మొత్తం ఆ డబ్బాతోనే బాగుచేసేయొచ్చని కొనేస్తున్నారు. ఇంటి దగ్గరే, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో పాత కారు లేపుదామనుకునే వాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేర్లు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క బ్రాండు సంగతి కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ట్యానిక్ యాసిడ్ అని ఉందా, ఫాస్ఫారిక్ యాసిడ్ అని ఉందా, అది చూసుకుంటే సగం విషయం తెలిసిపోతుంది.

కారు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని, మా మావయ్యది. పూసపాటిరేగ మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో రేకుల షెడ్డు కింద ఉండేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు పైకప్పు లేచిపోయింది, తర్వాత మళ్ళీ ఎవరూ వేయించలేదు, కారు మీద టార్పాలిన్ కప్పి వదిలేశారు. కప్పితే కారు భద్రంగా ఉంటుందనుకుంటాం గానీ మట్టినేల మీద నిలబెట్టిన కారుకి టార్పాలిన్ చుట్టేస్తే కింద నుంచి లేచే చెమ్మ బయటికి పోయే దారే ఉండదు, దానికి తోడు ఏడాది పొడుగునా ఉప్పుగాలి. విజయనగరం తెచ్చుకున్నాక చూస్తే ఆ 1089 సీసీ ఇంజన్ చేత్తో తిప్పితే తిరిగింది, గేర్లు పడ్డాయి, సీట్లు కూడా ఓ మాదిరిగా ఉన్నాయి, బాడీ మాత్రం కింద నుంచి తినేసి ఉంది. ఊళ్ళో ఒక బాడీ షాపులో చూపిస్తే లక్షన్నర పైమాటే, అది కూడా విప్పాక ఎంత పెరుగుతుందో చెప్పలేం అన్నారు. నా దగ్గర బాడీకి పెట్టగలిగింది 40 వేలు. అందుకే ఇంటి ముందు షెడ్డులో మొదలుపెట్టాను.

పద్మినికి జీపుకో లారీకో ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ (బరువు మోసే ఇనప చట్రం) ఉండదు. బాడీయే ఛాసిస్. లోపల కాళ్ళ కింద ఉండే ఫ్లోరు, డోర్ల కింద పొడుగ్గా గడపలా ఉండే పెట్టె లాంటి భాగం (మెకానిక్కులు రన్నింగ్ బోర్డు అంటారు, పుస్తకాల్లో సిల్), ఇవన్నీ కారు బరువు మోసే భాగాలే. బంపరుకి పట్టిన తుప్పుకీ వీటికి పట్టిన తుప్పుకీ అక్కడే తేడా. బంపరుది చూడ్డానికి బాగోదు, అంతే. రన్నింగ్ బోర్డు పోతే జాకీ పెట్టి లేపినప్పుడు డోరు బిగుసుకుపోతుంది, అంటే బాడీ వంగుతోందన్నమాట. ఏదైనా డబ్బా కొనేముందు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

మందు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పాత స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని తుప్పు ఉన్నచోటల్లా గట్టిగా పొడవండి. మ్యాట్ల కింద ఫ్లోరు, చక్రాల పైన వంపులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, బ్యాటరీ ట్రే కింద, డోర్ల అడుగు మడత, ముందు అద్దం కింది మూలలు. పొడిచినప్పుడు టంగుమని శబ్దం వచ్చి రేకు నిలబడితే అది మందుకి లొంగే తుప్పు. కరకరమని లోపలికి దిగిపోతే అది కత్తెరకి పని. పైన పెయింటు నున్నగా ఉన్నచోట కూడా నమ్మొద్దు, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా నడిపించండి. అంటుకోకుండా జారిపోయినచోట కింద లప్పం మందంగా పెట్టారని అర్థం. మా కారుకి ఎడమవైపు వెనక చక్రం వంపు మొత్తం లప్పమే, గీకితే అరంగుళం మందం పలకలుగా ఊడొచ్చింది, దాని వెనక రేకు లేనే లేదు, ఎప్పుడో ఎవరో గుడ్డపీలికలు కుక్కి పైన లప్పం మెత్తేశారు.

ఇక మందుల సంగతి.

ట్యానిక్ యాసిడ్ రకం పాలలా తెల్లగా ఉంటుంది, కొద్దిగా చిక్కగా. ఇందులో రబ్బరు పాలు లాంటి పాలిమర్ కూడా కలిపి ఉంటుంది, అందుకే ఆరాక పొరలా నిలుస్తుంది. నాకు లీటరు ఎనిమిది వందల దాకా పడింది. ఫాస్ఫారిక్ రకం నీళ్ళలా పలుచగా ఉంటుంది, లీటరు మూడు నాలుగు వందల్లో దొరికింది. రెండూ తుప్పునే వేరే పదార్థంగా మారుస్తాయి, కానీ పద్ధతి వేరు. ట్యానిక్ యాసిడ్ తుప్పులోని ఇనుముతో కలిసి ఫెర్రిక్ ట్యానేట్ అనే నల్లటి పదార్థం అవుతుంది. ఇనప కత్తిపీట మీద పచ్చి అరటికాయ కోస్తే కత్తీ చేతులూ నల్లబడతాయే, అదే ఇక్కడ డబ్బాలో జరుగుతోంది. ఫాస్ఫారిక్ యాసిడ్ అయితే తుప్పుని కరిగిస్తూ ఇనుము మీద ఫాస్ఫేట్ పొరని, బూడిద రంగులో, వదులుతుంది.

డబ్బా మీద "తుప్పు మీద నేరుగా పూయండి" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ మాట నమ్మకండి, కింద చిన్న అక్షరాల్లో వాళ్ళే వదులుగా ఉన్న తుప్పు తీసేయమని రాస్తారు. పొలుసులు పొలుసులుగా లేచిన తుప్పు మీద పూస్తే పై పొర మాత్రమే నల్లబడుతుంది, అడుగున ఎర్రది అలాగే ఉండి తన పని తాను చేసుకుంటూ పోతుంది. ముందు చిన్న సుత్తితో కొట్టి పొలుసులు రాల్చాలి, తర్వాత 4 అంగుళాల గ్రైండరుకి వైర్ కప్ బ్రష్ బిగించి ఎర్రపొడి రావడం తగ్గేదాకా తిప్పాలి. ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం ముక్కలు అతికిన చక్రం) వాడితే పని తొందరగా అయిపోతుంది నిజమే, కానీ తుప్పుతో పాటు మంచి రేకు కూడా అరిగిపోతుంది, అసలే నలభై ఏళ్ళ రేకు. కళ్ళద్దాలు, మాస్కు, చేతులకి గ్లవ్స్ లేకుండా ఆ బ్రష్ ముట్టుకోవద్దు. దాని తీగలు విరిగి సూదుల్లా ఎగురుతాయి, నా చొక్కాలో దిగినవి పీకి తీశాను. లుంగీ కట్టుకుని గ్రైండరు పట్టొద్దు. పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టాకే నిప్పురవ్వలొచ్చే పని ఏదైనా.

ఇప్పుడు నేను ఎక్కడా చదవని, మా వెల్డింగ్ మేస్త్రి చెప్తే తెలిసిన సంగతి. మన తీరంలో కారుకి పట్టే తుప్పులో ఉప్పు ఉంటుంది. తుప్పు గుంటల్లో అది ఇరుక్కుని ఉంటుంది, కంటికి కనిపించదు, పైన మందు పూసి పెయింటు వేసినా ఉప్పు చెమ్మని లాక్కుంటూ లోపల మళ్ళీ తుప్పు మొదలుపెడుతుంది. కాబట్టి బ్రష్ కొట్టాక మంచినీళ్ళతో ఒకటికి రెండుసార్లు ప్రెషర్‌తో కడగాలి. మంచినీళ్ళు అని ఊరికే అనట్లేదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు, అటు శ్రీకాకుళంలో కళింగపట్నం వైపు సముద్రం దగ్గర ఊళ్ళలో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్ళతోనే కడిగితే పోవాల్సిన ఉప్పుని మనమే మళ్ళీ పోసినట్టు. నీళ్ళు నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే మున్సిపాలిటీ కుళాయి నీళ్ళో ట్యాంకరు నీళ్ళో వాడండి. కడిగిన వెంటనే ఆరబెట్టాలి, నేను ఇంట్లో టేబుల్ ఫ్యాన్ పెట్టాను. రేకు ఆరే లోపు పల్చటి నారింజ రంగు వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు, ఆ మాత్రం తుప్పుని మందు తినేస్తుంది.

పూసేటప్పుడు వాతావరణం చూసుకోవాలి. పొద్దున్నే మంచు పూర్తిగా ఆరాక, ఎండ ముదరక ముందు. ఎండలో కాలిన రేకు మీద పూస్తే తుప్పుతో కలవకముందే ఆరిపోతుంది, ముసురు పట్టిన రోజు పూస్తే ఆరనే ఆరదు. మందుని చిన్న ప్లాస్టిక్ గిన్నెలోకి ఒంపుకోండి, బ్రష్‌ని డబ్బాలో ముంచొద్దు. బ్రష్‌తో పాటు ఇనుము లోపలికి పోతే మిగతా మందంతా డబ్బాలోనే నల్లబడి పాడైపోతుంది. గిన్నెలో మిగిలింది కూడా తిరిగి పోయొద్దు.

మొదటి కోటు డిక్కీ అడుగున వేశాను. తెల్లగా పూసిన పాలు కొద్దిసేపట్లో అంచుల దగ్గర ఊదారంగు తిరిగింది, తర్వాత మరకలు మరకలుగా నీలం, చివరికి మొత్తం పాత పలక రంగు. తుప్పు ఎక్కువగా ఉన్న గుంటల దగ్గర ముందు నల్లబడుతుంది, మెరిసే రేకు ఉన్నచోట తెల్లగా ఉండి ఆరాక కనిపించకుండా పోతుంది. కారు మీద తుప్పు ఎక్కడెక్కడ దాక్కుందో ఆ రంగే చూపించింది, నేను శుభ్రంగా తీశాననుకున్న మడతల్లో కూడా నల్లటి గీతలు వచ్చాయి. ఒక రోజు వదిలేసి రెండో కోటు వేశాను. ఆరాక గోరుతో గీకితే రాలేదు, తడిగుడ్డతో తుడిస్తే రంగు అంటలేదు. దీన్ని అలాగే వదిలేయడానికి లేదు, ఈ పొర ప్రైమర్ (పెయింటుకి ముందు వేసే అడుగు పూత) వచ్చేదాకా కాపాడుతుంది తప్ప వానకి ఎన్నాళ్ళో ఆగదు.

ఫాస్ఫారిక్ రకాన్ని విప్పగలిగిన వస్తువులకి వాడాను: వీల్ రిమ్ములు, బంపరు క్లాంపులు, బానెట్ కీళ్ళు, సీటు పట్టాలు. పూసి, తడి ఆరిపోకుండా చూసుకుంటూ, తుప్పు వదిలాక నీళ్ళతో కడిగి వెంటనే తుడిచేయాలి. కడగకుండా వదిలేస్తే జిగురుజిగురుగా ఉండిపోతుంది, దాని మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా పట్టదు. అందుకే రన్నింగ్ బోర్డు లోపల, డోర్ మడతల్లో, అంటే కడగడానికి చెయ్యి పట్టని పెట్టెల్లో ఇది పోయొద్దు, లోపలే ఉండిపోయి మంచి రేకుని కూడా తింటుంది. వెనక కమాన్లు, ముందు కాయిల్ స్ప్రింగులు, ముఖ్యమైన బోల్టులు యాసిడ్‌లో నానబెట్టడం అస్సలు వద్దు, అలాంటి గట్టి ఉక్కు పెళుసుబారి బరువు పడ్డప్పుడు విరిగే ప్రమాదం ఉంది. చిన్న చిన్న క్లిప్పులు, వాషర్లకైతే ఏ మందూ కొనక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున్న బ్రష్ కొడితే సరిపోతుంది. ఈ చిట్కా ఒక్కటే నాకు బోలెడు డబ్బు మిగిల్చింది.

మందు ఓడిపోయిన చోటు డ్రైవరు కాళ్ళ కింది ఫ్లోరు. స్క్రూడ్రైవర్ దిగిపోయిందని తెలిసినా అంచుల వరకైనా నిలుస్తుందేమోనని మేస్త్రిని పిలిచి అడిగాను. ఆయన ఇంటింటికీ వెళ్ళి గ్యాస్ వెల్డింగ్ చేసే పెద్దాయన. వంగి చూసి, బొటనవేలితో నొక్కి, "ఏటి బాబూ, మందు పూసీస్తే రేకు మొలుస్తాదేటి, కోసీయాల" అన్నారు. ఆయన చెప్పినట్టే మంచి రేకు తగిలేదాకా చుట్టూ కోసేశాం. 18 గేజు మందం సీఆర్ షీటు (జింకు పూత లేని ఉక్కు రేకు) తెచ్చి అట్టముక్కతో కొలత తీసుకుని అతుకు కోసుకున్నాం. జీఐ షీటు చవగ్గా దొరికినా వద్దన్నారు, దాని మీద జింకు పూత కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అతుకు చుట్టూ ఒకేసారి గీత లాగకుండా ఇక్కడో చుక్క, ఎదురుగా ఇంకో చుక్క వేసుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పోయారు, లేకపోతే వేడికి రేకు అప్పడంలా ఉబ్బేది. ఆర్క్ వెల్డింగ్‌తో మేమే చేసుకుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట: ఇంత పల్చటి రేకుకి మామూలు ఆర్క్ మెషిన్ పట్టుకుంటే అతకడం కంటే కన్నాలు పడటమే ఎక్కువ. కూలీ, గ్యాస్, షీటు కలిపి ఈ పనికి ఆరు వేలు దాటింది. నా బడ్జెట్‌లో అన్నిటికంటే న్యాయంగా ఖర్చయిన డబ్బు ఇదే. పద్మిని తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ముంబైలో ఆ నల్లపసుపు పద్మిని ట్యాక్సీలు కూడా 2023 అక్టోబరుతో అయిపోయాయి. లైట్లు, గ్రిల్లు లాంటివి వెతికితే దొరుకుతున్నాయి గానీ రెడీమేడ్ ఫ్లోరు రేకు కోసం తిరగడం కంటే ఇలా కోసి అతకడమే మేలు.

కొనే దగ్గర ఒక జాగ్రత్త. ట్యానిక్ రకానికి గడువు ఉంటుంది. గంటస్తంభం దగ్గర బజారులో ఒక షాపులో ఇచ్చిన డబ్బా ఇంటికొచ్చి తెరిస్తే పెరుగులా గడ్డలు కట్టి ఉంది, తేదీ చూస్తే ఎప్పుడో దాటిపోయింది. తిరిగి తీసుకెళ్తే మార్చి ఇవ్వం అన్నారు, "పెయింటుకి గడువేంటండీ" అని వాదన కూడా పెట్టుకున్నారు. కష్టపడి కూడబెట్టుకున్న డబ్బుతో కొంటున్నప్పుడు ఇలాంటివి చాలా బాధగా ఉంటాయి. ఈ మందు మన వైపు ఎక్కువగా కదిలే సరుకు కాదు, షెల్ఫులో ఏళ్ళు పడి ఉంటుంది. షాపులోనే డబ్బా ఊపి చూడండి, నీళ్ళలా కదలాలి, తేదీ చూడండి, తర్వాతే డబ్బులివ్వండి. ఊళ్ళో తాజాది దొరక్కపోతే వైజాగ్ ఆటోనగర్‌లో అడగడం మంచిది.

మందు మీద ఏం వేస్తామన్నది మందంత ముఖ్యం. చాలామంది రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టేసి ఊరుకుంటారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ రెడ్ ఆక్సైడ్ ఒక్కటే ఉంటే చెమ్మని పూర్తిగా ఆపలేదు, పైన పెయింటు కోట్లు వెంటనే పడాలి. నేను ఫ్లోరుకి, డిక్కీకి రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేశాను, అతుకుల మీద సందులు మూసే సీమ్ సీలర్, కింద వైపు తారు లాంటి అండర్ కోటింగ్. కన్వర్టర్ డబ్బా మీద దాని మీద ఏ ప్రైమర్ వేయొచ్చో రాసి ఉంటుంది, అది చదవకుండా ఎపాక్సీ కొనొద్దు, కొన్నిటికి పడదు. చిన్న ముక్క మీద వేసి చూసుకుంటే టెన్షన్ ఉండదు. అండర్ కోటింగ్ కొట్టేటప్పుడు రన్నింగ్ బోర్డు అడుగున, డోర్ల అడుగున ఉండే చిన్న చిన్న కన్నాలు మూసేయకండి. నీళ్ళు కారిపోవడానికి కంపెనీ వాళ్ళు పెట్టిన కన్నాలవి. మా కారులో అవి మట్టితో పూడిపోయి ఉన్నాయి, అక్కడే తుప్పు ఎక్కువ తినేసింది. సైకిల్ పుల్లతో పొడిస్తే తడి మట్టి ముద్దలుగా రాలింది.

మార్కులు అడిగితే ట్యానిక్ రకానికి 5కి 4 ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది డబ్బా మీద రాసే అతి మాటలకి, గడువు తక్కువగా ఉండటానికి. ఫాస్ఫారిక్ రకానికి 3. పని బాగా చేస్తుంది, చవక, కానీ కడగడం, ఆరబెట్టడం, ఎక్కడ వాడకూడదో గుర్తుపెట్టుకోవడం, మొదటిసారి చేసేవాళ్ళకి ఇదంతా తలనొప్పి. ఒక్కటే కొనగలిగితే ట్యానిక్ లీటరు డబ్బా కొనండి, మిగిలిన డబ్బు వెల్డింగ్ మేస్త్రికి దాచండి.

ఒక వానాకాలం పూర్తిగా గడిచాక మ్యాట్లు ఎత్తి, కారు కిందకి దూరి టార్చి వేసి చూశాను. డిక్కీ అడుగు చెక్కుచెదరలేదు. రిమ్ములు బాగున్నాయి. ఫ్లోరు అతుకుల దగ్గర ఏమీ లేదు. కుడివైపు ముందు డోరు అడుగు మడతలో మాత్రం గోధుమరంగు గీత సన్నగా కనిపించింది, బ్రష్ సరిగ్గా దూరని చోటది, మందు లోపలిదాకా పోలేదు. ఇలాంటి మడతలకి పొడుగాటి గొట్టం పెట్టి లోపలికి కొట్టే వ్యాక్స్ స్ప్రేలు ఉన్నాయి, తుప్పు మీద కూడా పాకుతూ వెళ్ళి గాలి, నీళ్ళు తగలకుండా చేస్తాయి. ఒకటి తెప్పించాను, ఎండలు రాగానే నాలుగు డోర్లకీ కొట్టి ఎలా ఉందో ఇక్కడే కింద రాస్తాను.